తన పాట తానే పాడేవాళ్లు

(గురుగ్రామ్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "జానపదం మీద ఏదో ఒకటి మాట్లాడండి సాబ్, భోజనాలు లేటవుతున్నాయి" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. జానపదం మీద ఉపన్యాసం ఇచ్చేంత పాండిత్యం నాకు లేదు. అందుకని అంత పెద్ద విషయం జోలికి పోను. పాట తానే రాసి, బాణీ తానే కట్టి, జనం మధ్య నిలబడి తానే పాడేవాళ్ల గురించి మాత్రం నాలుగు మాటలు చెబుతాను. అలాంటివాళ్లు మన తెలుగు నేల మీద ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మన సంఘం వేదిక మీదకి మాత్రం రావడం లేదు.

ఇంతకుముందు గంటన్నర సేపు సాంస్కృతిక కార్యక్రమం చూశాం. పిల్లలు చక్కగా పాడారు. నేనూ చప్పట్లు కొట్టాను. కానీ లెక్కపెట్టాను, పదకొండు పాటలు. పదకొండూ సినిమా పాటలే, పదకొండూ ట్రాక్ మీదే. మధ్యలో ల్యాప్‌టాప్ మొరాయించి ట్రాక్ ఆగితే పాడుతున్న అమ్మాయి కూడా ఆగిపోయి మన వంక బిక్కమొహం వేసుకుని చూసింది. అది ఆ అమ్మాయి తప్పు కాదు. పాట యంత్రంలో ఉంది, అమ్మాయి దగ్గర లేదు. నేను చెప్పదలచుకున్నది అదే.

తన పాట తానే కట్టేవాడికి మన భాషలో పాత పేరే ఉంది, వాగ్గేయకారుడు. మాటా తనదే, బాణీ తనదే. ఆ పేరు వినగానే మనకి అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య గుర్తొస్తారు. ఫోటోలకి దండలు వేసి ఊరుకుంటాం. కాని రామదాసు ఎవరు? కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. మనలాగే సర్కారు నౌకరీ చేసినవాడు. గోల్కొండ జైల్లో కూర్చుని, నీ కోసం ఇంత ఖర్చు పెడితే నన్నిలా వదిలేస్తావా అని రాముణ్ణే నిలదీశాడు. ఎవరో రాసిచ్చింది చూసి పాడితే అంత కోపం, అంత చనువు వస్తుందా?

మనవాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఇది తాను జీరో చేసుకున్న రైఫిల్‌కీ, కోత్‌లోంచి ఎవరిదో తెచ్చుకున్న రైఫిల్‌కీ ఉన్న తేడా. రెండూ పేలతాయి. గురి మాత్రం దేనిది దానిదే.

ఇప్పటి కాలానికి వస్తాను. 2002 సెప్టెంబరులో కామారెడ్డిలో ధూంధాం అనే కార్యక్రమం మొదలైంది. అప్పటికి కామారెడ్డి నిజామాబాదు జిల్లాలో ఓ చిన్న పట్టణం. జిల్లా కేంద్రం అయింది 2016లో. రసమయి బాలకిషన్ మొదలైన కళాకారులు దాన్ని నడిపారు. అది తెలంగాణ రాష్ట్రం కోసం పెట్టిన వేదిక. ఈ హాల్లో రెండు రాష్ట్రాలవాళ్లమూ పక్కపక్కనే కూర్చున్నాం, నేనైతే పార్వతీపురం వైపువాణ్ణి, కాబట్టి ఆ రాజకీయం నేను ఎత్తను. పాట సంగతే చెబుతాను.

ఆ ధూంధాం సీడీలు మా లైన్స్‌లోకి కూడా వచ్చాయి. లీవు నుంచి వచ్చేటప్పుడు తెలంగాణ కుర్రాళ్లు సకినాలతో పాటు ఒకటో రెండో తెచ్చేవారు. రెస్ట్ టైములో పెట్టుకుని చూసేవాళ్లం. స్టేజీ మీద కుర్చీలు లేవు. భుజాన గొంగడి, కాళ్లకి గజ్జెలు, చేతిలో డప్పు. ఒకరు ఎత్తుకుంటే వెనక పదిమంది కోరస్. పాట మధ్యలో ఆపి మాట చెబుతాడు, ఆ మాట పూర్తికాకుండానే మళ్లీ పాటలోకి దూకుతాడు. కింద జనం వేలల్లో ఉన్నా, వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. మన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు కదా. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథ పలనాటి యుద్ధమైనా సరే, రాజకీయం చెప్పేవాడు ఆ రోజు పేపరు సంగతి అందులో దూర్చేస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్‌గారు ఆ కళకి పేరు తెచ్చారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. కామారెడ్డి వేదిక ఆ దారిలోదే అని నా అభిప్రాయం.

ధూంధాం వేదికల మీద జనం ఎక్కువగా అడిగి పాడించుకున్నవాళ్లలో గోరటి వెంకన్న ఒకరు. నాగర్‌కర్నూలు వైపు గౌరారం ఆయన ఊరు. పల్లె ఎందుకు కన్నీరు పెడుతోందో చెప్పే ఆయన పాట 2002లో కుబుసం సినిమాలో వచ్చాక తెలుగువాళ్లందరికీ తెలిసింది. ఊళ్లో వృత్తులు ఒక్కొక్కటీ ఎలా మూతపడ్డాయో అందులో ఉంటుంది. ఆ పాట విన్నప్పుడు నాకు మా ఊరి కమ్మరి కొలిమి కళ్లకి కట్టింది. పాటలో మా ఊరి పేరు లేదు, మా యాస కూడా కాదు. 2021కి ఆయన కవితా సంపుటి వల్లంకి తాళానికి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పాట పాడేవాణ్ణి కవిగా ఒప్పుకోవడానికి మన పండితులకి అంతకాలం పట్టింది. అమెరికాలో బాబ్ డిలన్‌కి 2016లో నోబెల్ ఇచ్చినప్పుడు కూడా, పాటగాడికి సాహిత్యం బహుమతి ఏమిటి అని కొందరు ముక్కు విరిచారట.

ఇంకొకరు అందెశ్రీ. బడికి పోలేదు. పశువులు కాశాడు, తాపీ పని చేశాడు. ఆయన రాసిన పాటని 2024లో తెలంగాణ రాష్ట్ర గీతం చేశారు. 2025 నవంబరు 10న పోయారు. నేను ఇంటర్ వరకే చదివానని ఇందాక చెప్పుకున్నాను, ఆయన ముందు అది ఎక్కువ చదువే.

మా ఉత్తరాంధ్ర సంగతి చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు. వంగపండు ప్రసాదరావు మా పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి మనిషి. 1972లో గద్దర్, బి. నర్సింగరావు వగైరాలతో జననాట్యమండలిలో ఉన్నాడు. కర్మాగారంలో యంత్రం ఎలా నడుస్తుందో, దాని వెనక ఎవరి చెమట ఉందో ఆయన కట్టిన పాట మా వైపు చదువురానివాళ్లకి కూడా నోటికొచ్చు. ఆయన ఇంకో పాట పల్లవి 2009లో మగధీర సినిమాలోకి వెళ్లింది. దానికి మన పిల్లలు డాన్సులు కట్టారు, ఈ స్టేజీ మీద కూడా కట్టారు. అది పెదబొండపల్లి మనిషి పాట అని ఇక్కడ ఎవరూ మైకులో చెప్పగా నేను వినలేదు. 2020 ఆగస్టు 4న ఆయన కన్నుమూశారు.

ఇక్కడ మీలో కొందరి మనసులో ఒక ప్రశ్న ఉందని నాకు తెలుసు. "సాబ్, వీళ్లలో కొందరు నక్సలైట్ల పాటలు పాడినవాళ్లు కదా, మనం యూనిఫాం వేసుకున్నవాళ్లం కదా" అని. ప్రశ్న సరైనదే, దాటేసి పోను. కొన్నేళ్ల కిందట ఒక కంటోన్మెంటులో మనవాళ్ల ఉగాది సభలో ఒక కుర్రాడు గద్దర్ పాట ఎత్తుకుంటే మైకు కట్టేశారు. పెద్ద గొడవైంది. నేను అక్కడే ఉన్నాను. తుపాకీ పట్టి సర్కారు మీదకి నడవమనే పాటకి మన వేదిక చోటు కాదు. ఆ విషయంలో నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు. ఆ పోరులో పోయిన పోలీసు జవాన్ల ఇళ్లు మనకి తెలుసు. కానీ ఆ కుర్రాడు ఎత్తుకున్నది ఏ పాట? అన్నాచెల్లెళ్ల పాట. 1995లో ఒరేయ్ రిక్షా సినిమాలో వచ్చింది. దానికి నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలేదు. రాఖీకి ఇంటికి పోలేని జవాను ఆ పాట వింటే ఏమవుతాడో మనకి ఒకరు చెప్పాలా? మైకు కట్టేసినవాళ్లు పాట వినలేదు, పేరు విన్నారు. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు ప్రభుత్వం పోలీసు లాంఛనాలతో సాగనంపింది. దాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నా మాట ఏమిటంటే పాటని పాటగా విని, ఇది పాడొచ్చు, ఇది వద్దు అని తేల్చుకుందాం. మనిషి పేరు చూసి మొత్తం తలుపు వేసేయకూడదు. గరిమెళ్ల సత్యనారాయణగారిని తెల్లదొరతనం వద్దని పాట రాసి పాడినందుకు ఆనాటి సర్కారు జైల్లో పెట్టింది. ఇవాళ ఆయన మనకి స్వాతంత్ర్య సమరయోధుడు. రెండూ ఒకటే అని నేననను. పాట అంటే ఏ సర్కారుకైనా కొంచెం బెదురే అని మాత్రం అంటాను.

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు, మనం ఉన్న ఈ హర్యానానే చూడండి. ఈ ఊరికి గుర్గావ్ పేరు తీసి గురుగ్రామ్ అని పెట్టింది 2016లో. మనకి కనిపించేది అద్దాల మేడలు, టోల్ ప్లాజాలు. కాని ఈ మేడల వెనక పాత ఊళ్లు అలాగే ఉన్నాయి. అక్కడ రాగిణీలు పాడతారు. మట్టి ఘడా మూతి మీద రబ్బరు ముక్కతో కొడుతూ దరువు వేస్తారు, పక్కన హార్మోనియం, బేంజో, ఢోలక్. మా కాలనీలో కాపలా పని చేసే ముసలాయన ఒకరు డ్యూటీ దిగాక మొబైల్‌లో అవే వింటూ ఉంటాడు. ఒకసారి అడిగితే రెండు పేర్లు చెప్పాడు. ఒకటి సోనీపత్ జిల్లా పండిత్ లఖ్మీచంద్. ఆయన పేరుతో ఇప్పుడు రోహ్‌తక్‌లో కళల విశ్వవిద్యాలయమే ఉంది. రెండోది ఫౌజీ మెహర్ సింగ్.

ఫౌజీ అనగానే నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ఆ తర్వాత వాకబు చేశాను. సోనీపత్ జిల్లాలోనే బరోనా ఊరు. పాటలు కట్టడం ఇంట్లో నాన్నకి ఇష్టం లేదట. ఫౌజులో వేస్తే ఈ పిచ్చి వదులుతుందని చేర్పించారని చెబుతారు. వదల్లేదు. ఫౌజులో ఉండే రాగిణీలు కట్టాడు. యుద్ధానికి పోయే జవాను, ఇంటి దగ్గర చూసే భార్య, ఉత్తరం, సెలవు, అన్నీ పాటలోకి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడని అంటారు, చిన్న వయసులోనే పోయాడు. ఎనభై ఏళ్లయింది. ఇప్పటికీ ఊరి జాతరల్లో పాడుతున్నారు.

ఆయన పేరు ఎలా నిలిచిందో తెలుసా? రాగిణి చివర్లో కవి తన పేరు తానే పెట్టుకుంటాడు, దాన్ని ఛాప్ అంటారు. మెహర్ సింగ్ రాగిణి ఎవరు పాడినా చివరికి మెహర్ సింగ్ పేరు పలకాల్సిందే, లేకపోతే చరణం పూర్తికాదు. మన త్యాగయ్య కీర్తనలో ముద్ర ఉంటుంది కదా, అదే పద్ధతి. పాటకి కుట్టుపని చేసినట్టు పేరుని లోపలే కుట్టేశారు. మన జానపదాల్లో చాలావాటికి ఆ కుట్టు లేదు. అందుకే సినిమావాళ్లు తీసుకుని "జానపదం" అని రాసేస్తే సరిపోతోంది. కట్టినవాడు అక్కడే కూలి పని చేసుకుంటూ ఉంటాడు.

మా యూనిట్లో ఒక హవల్దార్ ఉండేవాడు, పాలకొండ వైపు మనిషి. పేరు చెప్పను, వాళ్ల ఇంట్లోవాళ్లని అడగలేదు. బడాఖానాలో మందు గ్లాసు దిగాక అందరూ హిందీ పాటలు పాడితే ఇతను లేచి తన పాట ఎత్తుకునేవాడు. లీవు రైలు పాట. నిజాముద్దీన్‌లో సమతా ఎక్కిన దగ్గర్నించి నాగపూర్, గోండియా, రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, స్టేషన్ల పేర్లు వరసగా వచ్చేవి. బాణీ మా వైపు ఊడుపుల పాట బాణీ. స్టేషను దగ్గరయ్యేకొద్దీ చరణం పొట్టిదవుతుంది, గుండె దడ పెరిగినట్టు. రాయగడ దాటాక పదాలు రెండే ఉండేవి. రైలు లేటయిన ఏడాది లేటు మీద ఒక చరణం కలిపేవాడు. లీవు క్యాన్సిల్ అయిన కుర్రాడు ఎవరైనా ఉంటే, ఆ కుర్రాడి పేరుతో ఇంకో చరణం. అది వినడానికి తెలుగు రాని సిక్కు జేసీఓ సాబ్ కూడా వచ్చి కూర్చునేవారు. "వో ట్రేన్ వాలా గానా లగావ్" అనేవారు. ఆయనకి స్టేషన్ల పేర్లు తప్ప ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా చివర్లో కళ్లు తుడుచుకునేవారు.

ఆ హవల్దార్ పెన్షన్ వచ్చాక నాలుగేళ్లకే గుండెపోటుతో పోయాడు. అది టేప్ రికార్డర్లు కూడా దొరకని ఫీల్డ్ ఏరియా. పాట కాగితం మీద లేదు, కేసెట్‌లో లేదు. మా బ్యాచ్ వాళ్లం ఫోన్లు చేసుకుని ఏరితే ఇప్పటికి నాలుగు చరణాలు తేలాయి. ఎన్ని ఉండేవో, ముప్పయ్యో నలభయ్యో.

అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడంటారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రం చేశారు కాబట్టి నాలుగు వందల ఏళ్ల తర్వాత 1922లో బయటపడ్డాయి. అయినా అన్నీ దొరకలేదు. అమెరికాలో మిసిసిపీ పత్తి చేలలో నల్లజాతి కూలీల దగ్గర పుట్టిన పాటని బ్లూస్ అంటారు. ఒక వరస పాడతారు, అదే మళ్లీ పాడతారు, మూడో వరసలో దానికి జవాబు చెబుతారు. మన పొలం పాటల్లో ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకున్నట్టే ఉంటుంది. ఆ బ్లూస్‌లో రాబర్ట్ జాన్సన్ అని ఒకతను 1936, 37ల్లో రికార్డు చేసింది ఇరవై తొమ్మిది పాటలే. 1938లో ఇరవై ఏడేళ్లకే పోయాడు. ఆ ఇరవై తొమ్మిది పట్టుకునే ప్రపంచమంతా గిటారు నేర్చుకుంది. రికార్డు చేయకపోతే? మా హవల్దార్ లాగే.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ కెర్‌విల్ అని చిన్న ఊళ్లో 1972 నుంచి జానపద సంగీత ఉత్సవం జరుగుతోందట. వాడు వెళ్లి వచ్చి వీడియోలు పంపాడు. అక్కడ పేరున్న పాటగాళ్లు స్టేజీ మీద పాడతారు, అది మామూలే. నాకు నచ్చింది వేరే. కొత్తవాళ్లకి ఒక పోటీ ఉంది. ఒక్కొక్కరు రెండు పాటలు పాడాలి, రెండూ సొంతవే అయి ఉండాలి. రాత్రి స్టేజీ అయిపోయాక గుడారాల దగ్గర మంటలు వేసుకుని, చుట్టూ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు తెల్లారేదాకా పాడుకుంటారు. అది చూసి "మామయ్యా, మీ క్యాంప్ ఫైర్ లాగే ఉంది" అన్నాడు వాడు. మరి ఉండదా? మనకి మంట ఉంది, చలి ఉంది, పాటగాళ్లూ ఉన్నారు. సొంత పాట అడిగేవాళ్లే లేరు.

ఇంక డబ్బు సంగతి. సభలో మాట్లాడడానికి మనకి మొహమాటం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కట్టడం పనిలో కూలికి పోతున్నట్టు పేపర్లలో ఫోటోలు వచ్చాయి. శాలువాతో పొట్ట నిండదు. మన సంఘంలో గాయకులని పిలిస్తే శాలువా, మెమెంటో ఇస్తాం, ఫోటో దిగుతాం. మెమెంటోకి అయ్యే ఖర్చు, పూలదండల ఖర్చు నాకు తెలుసు, కమిటీలో లెక్కలు చూసినవాణ్ణి. ఆ డబ్బుతో ఇద్దరు పాటగాళ్లకి మన వైపు నుంచి రానూపోనూ ఏసీ టికెట్టు వస్తుంది.

కాబట్టి కమిటీవారికి నా విన్నపం ఇది. వచ్చే సంక్రాంతి సభలో రెండు గంటలు సొంత పాటలకి వదలండి. సినిమా పాటలు ఉండనీయండి, పిల్లలు ఉత్సాహపడతారు, వాటికి వేరే గంట పెట్టండి. ఈ రెండు గంటల్లో ట్రాక్ ఉండకూడదు. డప్పు, ఢోలక్, తాళాలు, ఏదీ లేకపోతే చప్పట్లు. మాట సొంతది కావాలి, బాణీ ఊరిదైనా ఫరవాలేదు. ఒక్కొక్కరు రెండు పాటలు, కెర్‌విల్ లెక్క. పాట ముందు పేరు, ఊరు, పాట ఎప్పుడు కట్టారో మైకులో చెప్పాలి. వేరేవాళ్ల పాట పాడితే ఆ వేరేవాళ్ల పేరు చెప్పాలి. ఊరి నుంచి ఒక ఆంధ్ర, ఒక తెలంగాణ పాటగాణ్ణి పిలిపిద్దాం. టికెట్టు, బస, చేతికి డబ్బు కవరులో, శాలువా తర్వాత. పాటల సాహిత్యం పది రోజుల ముందు ఇద్దరు పెద్దలు చదువుతారు, అభ్యంతరం ఉంటే అప్పుడే చెబుతారు. సభలో మైకు కట్టేసే పని ఉండదు. ఆ రోజు పాడిన పాటలన్నీ పేర్లతో సహా ఈ వార్షిక సంచికలో అచ్చు వేద్దాం. ప్రకటనలకి ఇరవై పేజీలు ఇస్తున్నాం, పాటలకి ఆరు పేజీలు ఇవ్వలేమా?

జవాన్లే కానక్కర్లేదు. ఇక్కడున్న అక్కచెల్లెళ్లలో కొందరు కూడా పాటలు కడతారని నాకు తెలుసు. మేం ఫీల్డులో ఉన్నప్పుడు పిల్లల్ని పడుకోబెట్టుకుంటూ మీరు కట్టుకున్న లాలిపాటల్లో మా యూనిట్ పేర్లు కూడా ఉన్నాయట, మా ఆవిడ చెప్పింది. అవి ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. ముందు అవే ఎక్కాలి.

పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర నన్ను కలవండి, పెరుగన్నం కౌంటరు పక్కన నోటుబుక్కుతో ఉంటాను. మా హవల్దార్ లీవు రైలు పాట ఎవరికైనా ఒక్క చరణం గుర్తున్నా చెప్పండి. గోండియాకి, రాయపూర్‌కి మధ్య ఏదో ఉండేది, అది మాకెవరికీ తట్టడం లేదు.

జైహింద్.